అడవిని కాచేవాళ్లకు సన్మానం: ఎవరికి, ఎప్పుడు, ఎలా

మొక్క నాటితే ఫొటో వస్తుంది. చిరుత పిల్లను బావిలోంచి తీస్తే వార్త అవుతుంది. ఒక లోయలో పదిహేనేళ్లుగా గొడ్డలి పడలేదనుకోండి, దాన్ని ఏ కెమెరాతో చూపిస్తారు? అడవినో, గడ్డిమైదానాన్నో, చిత్తడి నేలనో ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టే పనిలో గెలుపంటే చాలావరకు ఏమీ జరగకపోవడమే. అలాంటి పని చేసేవాళ్లను సత్కరించడం బయటి నుంచి చూస్తే తేలికే. శాలువా, జ్ఞాపిక, చెక్కు, నాలుగు మంచి మాటలు. లోపలికి వెళితే అడుగడుగునా పేచీలే. ఎవరిని కాపలాదారు అనాలి? జరగని నష్టానికి రుజువు ఏమిటి? పేరు పైకి రావడం ఆ మనిషికి మేలా, కీడా? డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి? చనిపోయినవాళ్ల జాబితాలో ఎవరెవరు ఉండాలి?

వీటికి ముందే జవాబులు రాసుకోని సంస్థలు దాదాపు ఒకే తప్పు దగ్గర తేలతాయి. ఎక్కువ కనిపించేవాళ్లకో, వేదిక మీద బాగా మాట్లాడేవాళ్లకో అవార్డు ఇచ్చేసి చేతులు దులుపుకుంటాయి.

కాపలాదారు ఎవరు?

మొదటి వర్గం జీతానికి పనిచేసేవాళ్లు. రేంజర్లు, బీట్ అధికారులు, వాచర్లు, అడుగుజాడలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, మంటలు ఆర్పే బృందాలు. ప్రపంచమంతటా రక్షిత ప్రాంతాల్లో సుమారు 2,86,000 మంది రేంజర్లు ఉన్నారని 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. 2030 నాటికి భూభాగంలో 30 శాతాన్ని సరిగ్గా కాపాడాలంటే 15 లక్షల మంది కావాలని, అంటే సగటున 26 చదరపు కిలోమీటర్లకు ఒకరు ఉండాలని అదే అధ్యయనం లెక్క. ఇప్పుడున్నవాళ్లు అవసరంలో ఐదో వంతే.

రెండో వర్గం తమ నేలను తాము కాచుకునేవాళ్లు. బ్రెజిల్‌లో రబ్బరు పాలు తీసే కార్మికుల నాయకుడు చికో మెండెస్, ఒడిశాలో నియమగిరి కొండపై తవ్వకాలు వద్దని 2013లో పన్నెండు గ్రామసభల్లో తేల్చిచెప్పిన డోంగ్రియా కోందులు, హోండురాస్‌లో నది మీద ఆనకట్టను అడ్డుకున్న బెర్తా కాసెరెస్ ఈ కోవకు చెందుతారు. వీళ్లలో ఎవరికీ యూనిఫాం లేదు. చాలాసార్లు యూనిఫాం వీళ్లకు ఎదురుగా నిలబడింది.

మూడోది బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లు: చట్టాలు రాసేవాళ్లు, కేసులు వాదించేవాళ్లు, లెక్కలు తీసే శాస్త్రవేత్తలు. మనిషి చేయి పడని నేలను అలాగే ఉంచేందుకు అమెరికా తెచ్చిన 1964 వైల్డర్‌నెస్ చట్టం వెనక ఉన్న హోవర్డ్ జానైజర్ ఆ బిల్లును 66 సార్లు తిరగరాశాడు. 1964 మే నెలలో చనిపోయాడు. సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ ఆ చట్టంపై సంతకం చేసినప్పుడు జానైజర్ భార్య ఆలిస్ అక్కడ ఉంది. సన్మానం నాలుగు నెలలు ఆలస్యమైతే అది భార్య చేతికి అందుతుంది.

ఈ మూడు వర్గాలకూ ఒకే అవార్డు, ఒకే కొలమానం పెడితే మూడో వర్గమే గెలుస్తుంది. దరఖాస్తు బాగా రాయగలిగేది వాళ్లే కాబట్టి. అందుకే వర్గాలను మొదట్లోనే విడదీయాలి. కుదరకపోతే ఈ ఏడాది ఒక వర్గానికి, వచ్చే ఏడాది మరొకదానికి అని వంతులు పెట్టుకున్నా సరిపోతుంది.

అసలు చిక్కు మొదటి రెండు వర్గాలు ఎదురుబొదురుగా నిలబడినప్పుడు వస్తుంది. రేంజర్‌కు ఆక్రమణదారుగా కనిపించే మనిషి ఊరివాళ్లకు తాతల నాటి చెలక దున్నుకునే రైతు. వన్యప్రాణి సంరక్షణ సంస్థ వరల్డ్ వైడ్ ఫండ్ ఫర్ నేచర్ (డబ్ల్యూడబ్ల్యూఎఫ్) మద్దతు పొందిన కొన్ని పార్కుల్లో గార్డులు స్థానికులను హింసించారని 2019లో కథనాలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మాజీ హైకమిషనర్ నవీ పిళ్లై నాయకత్వంలో స్వతంత్ర బృందం విచారించి, సంస్థ తన మానవహక్కుల హామీలను అన్నిచోట్లా నిలబెట్టుకోలేదని 2020 నవంబరులో తేల్చింది. అంతర్జాతీయ రేంజర్ల సమాఖ్య 2021లో రేంజర్లకు ప్రవర్తనా నియమావళిని తెచ్చింది. అవార్డు ఇచ్చేవాళ్లు దీన్ని చదివి, అభ్యర్థి పనిని దాని పక్కన పెట్టి చూడాలి. ఇంకో పని కూడా తప్పనిసరి. అడవి అంచున ఉన్న కనీసం రెండు ఊళ్లలో, పై అధికారి వెంట లేకుండా, ఆ మనిషి గురించి అడగాలి. ‘కఠినంగా ఉంటాడు’ అని చెబితే ఫర్వాలేదు. మాట మింగి పక్కకు చూస్తే ఆ దస్త్రాన్ని అక్కడే ఆపి ఇంకా లోతుగా వెళ్లాలి.

ఈ వైరుధ్యం ఒక తేదీలోనే ఇమిడి ఉంది. భారత్‌లో సెప్టెంబరు 11ను జాతీయ అటవీ అమరుల దినంగా 2013 నుంచి పాటిస్తున్నారు. 1730లో మార్వాడ్‌లోని ఖేజడ్లీ గ్రామంలో జమ్మిచెట్లను కౌగిలించుకుని అమృతాదేవి సహా 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చిన రోజు అది. వాళ్ల తలలు నరికింది దొంగలు కాదు, కోట పని కోసం కట్టెలు తెమ్మని రాజు పంపిన మనుషులు. ఇవాళ ఆ రోజున పుష్పగుచ్ఛాలు పడేది ఎక్కువగా విధి నిర్వహణలో చనిపోయిన ప్రభుత్వ సిబ్బంది స్మారకాల మీద. రెండూ తగినవే. కాకపోతే ఆ వేదిక మీద రెండో కుర్చీ ఊరివాళ్లకు వేయకపోతే ఆ తేదీ ఎందుకు ఎంచుకున్నారో మరిచిపోయినట్టే.

జరగనిదానికి రుజువు

నాటడం వేరు, కాయడం వేరు. బ్రహ్మపుత్ర ఇసుక దిబ్బ మీద అడవిని పెంచిన జాదవ్ పాయెంగ్‌కు 2015లో పద్మశ్రీ వచ్చింది, రావలసిందే. కానీ నాటినవాడి పని లెక్కకు దొరుకుతుంది, ఎకరాల్లోనో మొక్కల్లోనో చెప్పొచ్చు. కాచినవాడి పనికి అలాంటి అంకె లేదు. అంకె లేనిచోట తప్పుడు అంకెలు వచ్చి కూర్చుంటాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అంకె అరెస్టుల సంఖ్య. దానికి మార్కులు పెట్టారో, గస్తీ బృందాలు తేలిగ్గా దొరికేవాళ్ల మీద పడతాయి. కట్టెలమోపుతో వచ్చే ఆడవాళ్లు, తేనె తీసేవాళ్లు దొరుకుతారు. కలప లారీ యజమాని దొరకడు. రెండోది తీసేసిన ఉచ్చుల సంఖ్య. పోయినేడు 200, ఈ ఏడు 500 అంటే గస్తీ మెరుగైందా, వేట పెరిగిందా, లేక ఇప్పుడే నిజాయితీగా రాస్తున్నారా? ఆ ఒక్క అంకెతో తేలదు. నడిచిన దూరంతో భాగించి, వంద కిలోమీటర్లకు ఎన్ని అన్నది చూస్తే కొంత అర్థం అవుతుంది. అదీ ఒకే బాటలో నడిచినవి తీసేశాకే.

ఒక ఉచ్చు దగ్గర ఏం జరుగుతుందో చూస్తే ఈ పని బరువు తెలుస్తుంది. ఉచ్చు చాలావరకు మోటారుసైకిల్ బ్రేక్ తీగతోనో, కంచె తీగతోనో చేసింది. జంతువు నడిచే సన్నటి దారికి అడ్డంగా, మోకాలి కన్నా కాస్త కిందుగా ఉంటుంది. రెండు పక్కలా రెమ్మలు విరిచి కట్టిన చిన్న దడి జంతువును ఆ సందులోకే నడిపిస్తుంది. అనుభవం ఉన్న వాచర్ తీగను వెతకడు, ముందు ఆ దడిని చూస్తాడు. ఒకటి కనిపిస్తే అక్కడితో ఆగడు, ఎందుకంటే ఉచ్చులు వరసగా వేస్తారు. దడి వెంట రెండువైపులా నడిచి వరస చివర వరకు వెళతాడు. చేత్తో ముట్టుకోకముందే జీపీఎస్ బిందువు నమోదు చేసి, ఫొటో తీస్తాడు. తీగను మొదట్లో, అంటే చెట్టుకు కట్టిన చోట కోస్తాడు. మధ్యలో కోస్తే మిగిలిన ముక్కతో మళ్లీ ఉచ్చు కడతారు. కోసిన తీగను అక్కడ పారేయకుండా మోసుకొస్తాడు. రోజంతా నడిచినా ఇలాంటివి చాలావరకు కంటపడవు. ఆకు రాలిన కాలంలో కనిపించినన్ని వానాకాలంలో కనిపించవు. ఏడాది పొడవునా ఇదే పని. దీనికి అవార్డు ఫొటో ఎలా ఉంటుందో మీరే ఊహించండి: చేతిలో తుప్పుపట్టిన తీగల చుట్ట.

మరి ఏ రుజువు అడగాలి? రేంజర్ల విషయంలో స్మార్ట్ వంటి గస్తీ నమోదు సాఫ్ట్‌వేర్ ఉన్నచోట మూడేళ్ల దారుల పటం అడగండి. ప్రాంతాన్ని గళ్లుగా విడగొట్టి, ఎన్ని గళ్లలో ఏడాదికి ఒక్కసారైనా కాలు పెట్టారో చూడండి. రాత్రిళ్లు, వాన రోజులు, పండగ సెలవులు విడిగా చూడండి. వేటగాడికి అనువైన రోజులు అవే కనుక, గస్తీ ఖాళీలూ అక్కడే బయటపడతాయి. సాఫ్ట్‌వేర్ లేనిచోట చేతిరాత డైరీ చాలు. తేదీల మధ్య ఖాళీలు, ఒకే చేతిరాతతో ఒకేసారి నింపిన పేజీలు చూడగానే పట్టుబడతాయి.

ఊళ్ల విషయంలో గ్రామసభ తీర్మానాలు, కోర్టు కాగితాలు, ఊరు పెట్టుకున్న కాపలా వంతుల పట్టిక అడగాలి. దీనికి ఉపగ్రహ చిత్రాలు తోడవుతాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. ఇప్పటి ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క 30 మీటర్లు. 2015లో మొదలైన సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్లు. కాపాడిన అడవిని ఒక్కదాన్నే చూస్తే లాభం లేదు. అదే ఎత్తు, అదే వాలు, రోడ్డుకు అంతే దూరం ఉన్న పక్క అడవిని కూడా తీసుకుని, రెండింటినీ పదేళ్ల తేడాతో పోల్చాలి. ఎవరూ పోలేని కొండ చరియ పచ్చగా ఉంటే అందులో కాపలాదారు గొప్ప లేదు. ఇంకో పరిమితి ఉంది. పైనుంచి పచ్చగా కనిపించే అడవిలో కింద ఒక్క దుప్పి కూడా మిగలకపోవచ్చు. ఉపగ్రహానికి వేట కనపడదు. అందుకే చిత్రం ఒక్కదాన్ని నమ్ముకుని ఎవరినీ ఎంపిక చేయకూడదు.

ప్రశంసాపత్రం రాసేటప్పుడు ఈ రుజువే అందులోకి రావాలి. ‘అహర్నిశలు శ్రమించి అడవితల్లి సేవలో తరించిన’ అని రాస్తే పేరు మార్చి ఎవరికైనా ఇవ్వొచ్చు. ‘నాలుగు వానాకాలాల్లో వాగు దాటి అవతలి గట్టు గస్తీ ఆపలేదు, ఆ గట్టున ఒక్క కలప తెప్ప కూడా దిగలేదు’ అని రాస్తే అది ఒక్క మనిషిదే అవుతుంది. పది మందిలో తొమ్మిది మందికి అతికే వాక్యాన్ని కొట్టేయండి.

పేరు పైకి వస్తే

ఇక్కడ తొందర పనికిరాదు. చికో మెండెస్‌కు 1987లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ 500 పురస్కారం వచ్చింది. 1988 డిసెంబరు 22న ఇంటి గుమ్మంలో కాల్చి చంపారు. నైజీరియాలో ఒగోనీ నేల కోసం పోరాడిన కెన్ సారో-వివాకు 1994లో రైట్ లైవ్లీహుడ్, 1995లో పర్యావరణ రక్షకులకిచ్చే గోల్డ్‌మన్ పురస్కారాలు వచ్చాయి. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది. బెర్తా కాసెరెస్‌కు 2015లో గోల్డ్‌మన్ వచ్చింది. అంతకు చాలాముందే, 2009లో, ఆమెకు రక్షణ కల్పించాలని అమెరికా దేశాల మానవహక్కుల కమిషన్ హోండురాస్ ప్రభుత్వాన్ని కోరింది. 2016 మార్చిలో ఇంట్లోనే హత్యకు గురైంది. మెక్సికో అడవుల కోసం పోరాడి 2005లో గోల్డ్‌మన్ అందుకున్న ఇసీద్రో బాల్దెనెగ్రోను 2017 జనవరిలో చంపారు.

అవార్డు వల్లే వీళ్లు చనిపోయారని అనలేం. చంపినవాళ్లకు కావలసింది భూమి, ఆనకట్ట, చమురు, కలప. తేలేది ఇంతే: అవార్డు కవచంలా పనిచేస్తుందన్న నమ్మకానికి ఆధారం తక్కువ. పేరు వచ్చాక రక్షణ ఏర్పాటు కూడా వస్తేనే ఆ పేరుకు విలువ. ఇలాంటి హత్యలను ఏటా లెక్కించే గ్లోబల్ విట్నెస్ సంస్థ ప్రకారం ఒక్క 2023లోనే భూమి, పర్యావరణం కోసం నిలబడినవాళ్లు 196 మంది హత్యకు గురయ్యారు. 2012 నుంచి చూస్తే 2,100 పైమాటే.

కాబట్టి అవార్డు ప్రకటనకు ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అభ్యర్థి అంగీకారం రాతలో, ఆయన మాట్లాడే భాషలో తీసుకోవాలి. ఒక్క ‘సరే’ సరిపోదు, నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. పేరు వేయాలా? ముఖం చూపించాలా? ఊరి పేరు చెప్పాలా? ఎవరికి వ్యతిరేకంగా నిలబడ్డారో రాయాలా? ఒకదానికి అవునని మరొకదానికి కాదని చెప్పే హక్కు ఉండాలి. ఈ ప్రశ్నలు భార్యనో, భర్తనో, ఎదిగిన పిల్లలనో కూడా అడగాలి. దాడి జరిగితే ఇంట్లో ఉండేది వాళ్లే. చివరి నిమిషంలో మనసు మార్చుకున్నా తప్పు పట్టకూడదు. అందుకోసం పేరు లేకుండా, బృందం పేరున, లేదా ఊరి పేరున ఇచ్చే మార్గం నిబంధనల్లో ముందే రాసి పెట్టుకోవాలి.

ఫొటోల విషయంలో చిన్న పొరపాట్లే పెద్దవవుతాయి. ఫోన్‌తో తీసిన బొమ్మలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. బయట పెట్టే ముందు ఆ వివరాలు తుడిచేయాలి. ఇంటి ముందు భాగం, వాహనం నంబరు, పిల్లల బడి యూనిఫాం, శిబిరం వెనక కనిపించే కొండ ఆకారం, గోడ మీద గస్తీ పటం ఫ్రేములో లేకుండా చూసుకోవాలి. ఖడ్గమృగం, ఎర్రచందనం, అరుదైన పక్షి గూడు ఉన్నచోటైతే ఇంకా కచ్చితంగా ఉండాలి. వేటగాళ్లూ చిత్రాలు చూస్తారు. సభకు వెళ్లే రోజు కూడా ఆలోచించవలసిందే. ఏకైక సీనియర్ గార్డు ఫలానా తేదీన రాజధానిలో ఉంటాడని పత్రికలో వేస్తే, ఆ రాత్రి ఆ బీట్ ఖాళీ అని చాటింపు వేసినట్టే. ప్రకటన ఆయన తిరిగి వచ్చాకే చేయొచ్చు.

చట్టాల దన్ను ఉన్నచోట దాన్ని వాడుకోవాలి. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల ఎస్కాజూ ఒప్పందం 2021 ఏప్రిల్ 22న అమల్లోకి వచ్చింది. పర్యావరణ రక్షకులకు భద్రత కల్పించాలని ప్రత్యేకంగా ఒక అధికరణం, తొమ్మిదవది, పెట్టిన తొలి ఒప్పందం అదే. పర్యావరణ విషయాల్లో ప్రజల హక్కుల కోసం ప్రధానంగా ఐరోపా దేశాలు చేసుకున్న ఆర్హస్ ఒప్పందం కింద పర్యావరణ రక్షకుల కోసం ప్రత్యేక ప్రతినిధిగా మిషెల్ ఫోర్స్ట్ 2022లో ఎన్నికయ్యాడు. బెదిరింపు వస్తే ఎవరికి ఏ భాషలో ఫిర్యాదు చేయాలో ఒక పేజీలో రాసి, అవార్డు గ్రహీతకే కాక ఊళ్లో మరో ఇద్దరికి ఇచ్చి ఉంచాలి. బెదిరింపు వచ్చాక వెతికే టైం ఉండదు.

ఒక్కరికా, అందరికా?

ఒంటరి వీరుడి కథ పత్రికలకు ఇష్టం. నిజానికి గస్తీ ఒంటరిగా జరగదు. నలుగురిలో ఒకరికి పతకం వేస్తే మిగతా ముగ్గురూ మర్నాడు అదే జీతానికి అదే అడవిలో, ఈసారి కాస్త ముభావంగా నడుస్తారు. దక్షిణాఫ్రికాలో 2013లో మొదలైన బ్లాక్ మాంబాస్, ఎక్కువగా స్త్రీలే ఉన్న, తుపాకులు లేని గస్తీ దళం. 2015లో ఐక్యరాజ్యసమితి చాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్ పురస్కారం దళం మొత్తానికి వచ్చింది. పాటించదగ్గ నమూనా ఇది. ఒక్కరికే ఇవ్వక తప్పనిచోట బృందానికి విడిగా ఏదో ఒకటి, మాటల్లో కాకుండా వస్తువుగా ఇవ్వాలి: బూట్లు, హెడ్‌లైట్లు, నీళ్లు వడకట్టే పరికరం, వైర్‌లెస్ బ్యాటరీలు. బూట్లు ఇస్తుంటే ముందుగా సైజులు రాయించుకోండి. అందరికీ ఒకే సైజు తెప్పిస్తే సగం జతలు శిబిరం మూల పడుంటాయి.

డబ్బు

జీతం మూడు నెలలుగా రాని వాచర్‌కు జ్ఞాపిక ఇవ్వడం వెటకారంలా ఉంటుంది. ఎంపికకు ముందు అభ్యర్థి పని పరిస్థితులు తెలుసుకోవాలి. బకాయిలు ఉంటే వాటిని ఇప్పించేందుకు అవార్డు సంస్థ తన పలుకుబడి వాడాలి. ఆ సన్మానం అన్నిటికన్నా ముందు జరగాలి.

నగదు ఇచ్చేటప్పుడు మూడు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, ప్రభుత్వ ఉద్యోగి బయటి సంస్థ నుంచి డబ్బు తీసుకోవాలంటే చాలా దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా ఇస్తే అవార్డే శాఖాపరమైన విచారణకు కారణం కావచ్చు. రెండు, విదేశీ నిధుల మీద ఆంక్షలున్న దేశాల్లో డబ్బు ఊరి సంఘం ఖాతాలోకి నేరుగా వెళితే సంఘం రిజిస్ట్రేషనే ప్రమాదంలో పడొచ్చు. మూడు, పెద్ద మొత్తం ఒకేసారి వచ్చిందని ఊరంతా తెలిస్తే అప్పులవాళ్లు, బంధువులు, ఒక్కోసారి బెదిరింపులవాళ్లూ వరస కడతారు. మొత్తాన్ని బయటికి ప్రకటించకుండా, రెండు మూడేళ్లలో విడతలుగా ఇవ్వడం మంచిది. పన్ను ఎవరు కడతారో ముందే తేల్చాలి. చెక్కు మీద అంకె ఒకటి, చేతికొచ్చేది మరొకటి అయితే సంబరం అక్కడే చల్లారుతుంది.

చనిపోయినవాళ్లు

జూలై 31 ప్రపంచ రేంజర్ల దినం. 1992లో అదే తేదీన అంతర్జాతీయ రేంజర్ల సమాఖ్య పుట్టింది. 2007 నుంచి ఆ రోజును పాటిస్తున్నారు. ఏటా ఆ సందర్భంగా, గడిచిన ఏడాదిలో విధుల్లో చనిపోయిన రేంజర్ల జాబితా వెలువడుతుంది. కాంగోలోని విరుంగా జాతీయ పార్కు ఒక్కదానిలోనే ఇప్పటికి 200 మందికి పైగా రేంజర్లు ప్రాణాలు కోల్పోయారు. 2020 ఏప్రిల్‌లో ఒక్క దాడిలోనే 12 మంది పోయారు. దక్షిణాఫ్రికాలోని టింబవాటిలో రేంజర్ల అధిపతి యాంటన్ ఎంజింబాను 2022 జూలైలో ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు.

కాల్పుల్లో చనిపోయినవాళ్లు జాబితాల్లోకి ఎలాగైనా వస్తారు. రానివాళ్లే ఎక్కువ. వాగులో కొట్టుకుపోయినవాళ్లు, ఏనుగు తొక్కినవాళ్లు, జీపు బోల్తాపడి పోయినవాళ్లు, మంటలార్పుతూ పొగకు ఉక్కిరిబిక్కిరైనవాళ్లు, గస్తీలో మలేరియా తగిలి ఇంటికెళ్లి చనిపోయినవాళ్లు. రోజుకూలీ మీద ఉన్న వాచరైతే హాజరు పట్టికలో పేరు లేదన్న ఒక్క కారణంతో బయటే ఉండిపోతాడు. జాబితా తయారు చేసేవాళ్లు జీతాల రిజిస్టరు దగ్గర మొదలుపెట్టకూడదు. శిబిరాల్లో, ఊళ్లలో అడిగి రాసుకుని, తర్వాత రిజిస్టరుతో సరిచూడాలి. పేరు ఎలా రాయాలో కుటుంబాన్నే అడగాలి. రాతి పలక మీద తప్పు అక్షరం పడితే దిద్దడం ఎంత కష్టమో చెక్కించినవాళ్లకు తెలుసు.

కుటుంబానికి కావలసింది పలక కన్నా ముందు డబ్బు, అదీ మొదటి వారంలో. బీమా సొమ్ము రావాలంటే పోలీసు రిపోర్టు, శవపరీక్ష నివేదిక, ఉద్యోగ ధ్రువీకరణ, నామినీ కాగితం అన్నీ జతపడాలి. అది నెలల పని. అంతవరకు గడవడానికి ఒక చిన్న మొత్తం షరతులు లేకుండా వెంటనే ఇచ్చే నిధి ఉండాలి. బీమా పాలసీ కొనేటప్పుడు మూడు వాక్యాలు వెతకండి: అడవి జంతువు దాడి ప్రమాదం కింద వస్తుందా, రాత్రి గస్తీ పనివేళల్లో భాగమా, తాత్కాలిక సిబ్బందికి వర్తిస్తుందా. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పాలసీ అక్కరకు రాదు. విరుంగాలో చనిపోయిన రేంజర్ల భార్యలకు కుట్టుపని కేంద్రం పెట్టి ఆదాయం కల్పించారు. ఒక్కసారి చేతిలో పెట్టే మొత్తం కన్నా అలాంటి ఏర్పాటు ఎక్కువకాలం నిలుస్తుంది.

1991 నవంబరు 10న వీరప్పన్ చేతిలో హతమైన అటవీ అధికారి పి.శ్రీనివాస్‌కు 1992లో కీర్తిచక్ర ఇచ్చారు. వీరప్పన్ సొంతూరు గోపీనాథంలో ఆయన మారియమ్మన్ గుడి కట్టించాడు, ఇళ్లకు, వైద్యానికి సాయపడ్డాడు. పట్టుకోవలసిన మనిషి ఊళ్లోనే ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటారు. ప్రభుత్వం పతకం ఇచ్చింది చావుకు, ఊరు గుర్తుపెట్టుకుంది బతికి ఉండగా చేసిన పనికి. స్మారకం మీద రాసే నాలుగు వరసల్లో రెండో సంగతికి చోటు మిగలాలి.

పేర్లు పెట్టడం

కొండకో, అడవికో మనిషి పేరు పెట్టడంలో నిదానం మంచిది. అమెరికాలో స్థలనామాలు తేల్చే బోర్డు, మనిషి పోయి కనీసం అయిదేళ్లయ్యే దాకా ఆ పేరు పరిశీలించదు. చట్టబద్ధమైన వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో గట్టి కారణం లేకుండా కొత్త పేర్లే ఒప్పుకోదు. మనిషి ముద్ర పడకూడదనుకున్న నేలకు మనిషి పేరు తగిలించడంలోని తిరకాసు వాళ్లకు తెలుసు. కాలం గడిచాక మనిషి గురించిన అంచనాలూ మారతాయి. అమెరికాలో ప్రకృతి పరిరక్షణకు ఆద్యుల్లో ఒకడైన జాన్ మ్యూర్ స్థాపించిన సియెరా క్లబ్ అనే సంస్థే, నల్లజాతివారి గురించి, మూలవాసుల గురించి ఆయన రాసిన కించపరిచే మాటలను 2020లో బాహాటంగా ఒప్పుకోవలసి వచ్చింది. చికో మెండెస్ పేరుతో 1990లో ఏర్పడిన అడవి వేరే రకం. అక్కడ రబ్బరు కార్మికులు ఉండి, చెట్టు కొట్టకుండా బతికే హక్కు ఆ పేరుతో పాటే వచ్చింది. పేరు పెడితే అలా పెట్టాలి.

అవార్డు తర్వాతి ఏడాది

సభ అయిపోయాక సంస్థలు మాయమవుతాయి. చిక్కులన్నీ వచ్చేది అప్పుడే. మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో గ్రహీతకు ఫోన్ చేసే బాధ్యత ఒక మనిషికి, పేరు పెట్టి అప్పజెప్పాలి. అడగవలసినవి నాలుగే. బదిలీ అయ్యారా? కొత్త కేసులు పెట్టారా? డబ్బు పూర్తిగా అందిందా? బృందంలో ఎవరైనా మాట్లాడటం మానేశారా? బదిలీ అన్న జవాబు వస్తే కారణం కనుక్కోవాలి. బ్రెజిల్‌లో బాహ్య ప్రపంచంతో సంబంధాలు లేని తెగల రక్షణ చూసిన బ్రూనో పెరీరాను 2019లో ఆ పదవి నుంచి తప్పించారు. ఆయన సెలవు మీద బయటికొచ్చి జవారీ లోయలో మూలవాసుల సంఘంతో కలిసి పనిచేశాడు. 2022 జూన్‌లో పాత్రికేయుడు డొమ్ ఫిలిప్స్‌తో పాటు అక్కడే హత్యకు గురయ్యాడు. నిజాయితీపరుడిని పక్కన పెడుతున్న సంగతి ముందుగా తెలిసేది ఇలాంటి మామూలు ఫోన్ కాల్స్‌లోనే.

ఎంపిక కానివాళ్లకు కూడా ఉత్తరం వెళ్లాలి. గోల్డ్‌మన్‌లో ప్రతిపాదనలు రహస్యంగా, నమ్మకస్తులైన సంస్థలు, నిపుణుల ద్వారానే వస్తాయి కాబట్టి నిరాశపడేవాళ్లు తక్కువ. బహిరంగంగా దరఖాస్తులు పిలిచే చిన్న అవార్డుల్లో ఒక్కరికి వస్తే వందమందికి రాదు. ఆ వందమంది దస్త్రాల్లోనూ గస్తీ డైరీలు, పటాలు, ఊళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఏవి ఎంతకాలం ఉంచుతారో, ఎప్పుడు చెరిపేస్తారో, వచ్చే ఏడాది మళ్లీ పరిశీలిస్తారో లేదో ఆ ఉత్తరంలో రాయాలి. ఆ ఫైళ్లను అందరూ వాడే ఈమెయిల్ ఖాతాలో వదిలేయకుండా, తాళం ఉన్నచోట, చూసేవాళ్ల పేర్లు రాసిపెట్టుకుని భద్రపరచాలి.